పంతొమ్మిది పానా

ఇచ్చాడా? లేదమ్మా షాహీనా, మీ తాత నాకేం ఇయ్యలేదు. నేను షెడ్డు పెట్టుకున్న రోజుల్లో నా దగ్గర్నించే ఒకటి తీసుకెళ్లాడు. దాంతోనే నేను బతికా.

తాత నలభయ్యో రోజుకి అందరూ తలా ఒక మాట చెప్పాలన్నావు గదా. నాకు రాయడం రాదు. అంతమంది ముందు నిలబడితే గొంతు లేవదు. ఈ ఫోను రికార్డులో చెప్పేస్తా, నువ్వే వినిపించు వాళ్లకి.

మీ తాత నాగుల్ మీరా మేస్త్రి అంటే పేట బైపాసు మీద లారీ తోలే ప్రతివాడికీ తెలుసు. బండి ఇంకా దూరాన ఉండగానే చప్పుడు విని నాతో, "కొండలూ, మూడో సిలిండరు దగ్గుతంది. టీ చెప్పు, ఈ డ్రైవరు సాయంత్రందాకా కదలడు" అనేవాడు. డ్రైవరు దిగి ఇంకా నోరు తెరవకముందే వాడి చేతికి టీ వచ్చేది.

ఆయన దగ్గరే పని నేర్చుకున్నా. ఆయన నోటితో చెప్పేవాడు కాదు. చేస్తా ఉంటాడు, మనం చూస్తా ఉండాలి. నేను ఎక్కడన్నా తప్పు బిగిస్తే తిట్టడు, కొట్టడు. వచ్చి ఆ బోల్టు విప్పి నా అరచేతిలో పెట్టి పోతాడు. అంతే. నేనింక రోజంతా ఆ బోల్టు వంక చూసుకుంటా కూచోవాలి.

పెళ్లై, పిల్లలు పుట్టాక సొంత షెడ్డు పెట్టుకోవాలనిపించింది. మేస్త్రితో చెబితే, "పెట్టుకో" అన్నాడు. మా ఆవిడ రవణమ్మ పాడి గేదెను అమ్మి డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది మునిగితే పిల్లలకి పాలూ లేవు, షెడ్డూ లేదు. చూసుకో మరి" అంది. పత్తి మిల్లు ఎదురుగా కాస్త జాగా అద్దెకి దొరికింది.

మా షెడ్ల వరసలో ఒక పద్ధతి ఉండేదమ్మా. శిష్యుడు సొంతంగా పెట్టుకుంటన్నాడంటే, మేస్త్రి తన చేతి పానా ఒకటి ఇచ్చి పంపుతాడు. కొత్తది కాదు, తన చేతిలో అరిగింది. అది కొత్త షెడ్డులో కనపడితే, ఓహో, వీణ్ణి మేస్త్రి మనసారా పంపాడు, వీడికి పనొచ్చు అని డ్రైవర్లు బండి పెడతారు. కనపడలేదనుకో, వీడు పోట్లాడి వచ్చుంటాడు, లేకపోతే పని సగమే వచ్చుంటది అనుకుంటారు.

మీ తాతకి పంతొమ్మిది సైజు బోల్టు విప్పే రింగు పానా ఒకటి ఉండేది. బొటనవేలు పెట్టే చోట అక్షరాలన్నీ అరిగిపోయి నున్నగా మెరిసేది. నా కన్నంతా దాని మీదే.

పోయి అడిగా. ఆయన లారీ కింద ఉన్నాడు, కాళ్లే కనపడతన్నయి.

"మేస్త్రీ, ఆ పంతొమ్మిది పానా నాకు ఇప్పించండి."

"అది నాకు కావాలిరా."

"పోనీ ఇంకోటేదన్నా..."

"అన్నీ కావాలి."

ఆ కాళ్లు కదల్లేదు. కాసేపు నిలబడి వచ్చేశా. ఇంటికొచ్చి చెబితే రవణమ్మ, "నువ్వు అడిగే తీరున అడిగుండవు. నువ్వు మంచినీళ్లు అడిగినా పోట్లాటకొచ్చినట్టే ఉంటది" అంది.

సరే, పానా లేకపోతే పోయె, షెడ్డు బాగా కడదాం అనుకున్నా. పాతినుపకొట్లో రైలు పట్టా ముక్కలు తెచ్చి స్తంభాలు పాతా. పైన సిమెంటు రేకులు. తుమ్మ మొద్దు ఒకటి నాటి దాని మీద వైసు బిగించా, ఏ ఇనప ముక్కనన్నా కదలకుండా పట్టుకునేదాన్ని. సెకండ్ హ్యాండు గాలి మిషను, గ్రీజు గన్ను, ఒక జాకీ. లారీ కింద దిగి పని చేసుకునే గుంత మాత్రం నేనూ రవణమ్మా తవ్వాం. నేను తవ్వితే తను తట్టతో ఎత్తి పోసింది.

గుంత తవ్వేటప్పుడు మీ తాత అటుగా వచ్చాడు. వంగి లోపలికి చూసి, "బాగా లోతు తీశావురా. ఎవర్ని పూడుస్తావు?" అన్నాడు. రవణమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన గుంత గోడ నుంచి ఒక పెళ్ల ఊడబెరికి, దాని మీద కాసిని నీళ్లు పోసి, నా అరచేతిలో పెట్టి పోయాడు.

నల్లరేగడి గదా. చూస్తా ఉండగానే చేతిలో ఉబ్బి జారిపోయింది. వానాకాలం వస్తే నా గుంత గోడలు నా మీదికే వస్తయన్నమాట. మర్నాడే పోయి నాపరాళ్లు తోలించి గోడలకి కట్టించా. అవి ఇయ్యాల్టికీ చెక్కు చెదరలేదమ్మా.

చివర్న చెక్క బోర్డు ఒకటి చేయించా. ఏ పానా ఎక్కడ తగిలించాలో తెల్ల పెయింటుతో దాని బొమ్మ గీశా. ఏది లేకపోయినా బొమ్మ ఖాళీగా కనపడిద్ది. ఆ వరసలో అట్టాంటి బోర్డు ఎవరికీ లేదు. కొత్త పానాలన్నీ తగిలిస్తే పెళ్లికూతురు నగల్లాగా మెరిశాయి.

కొబ్బరికాయ కొట్టి, జాకీకి పసుపూ కుంకుమా పెట్టి మొదలుపెట్టాం. మేస్త్రి రాలా.

లారీలు ఆగేవి. ఎందుకనుకున్నావు? నా కుండలో నీళ్లు చల్లగా ఉంటయని. గడగడా తాగి మూతి తుడుచుకుని, "ఏమయ్యా, నాగుల్ మీరా మేస్త్రి షెడ్డు ఎటు?" అని అడిగేవాళ్లు. నేనే చెయ్యి చాపి దారి చూపించేవాణ్ణి.

పున్నారెడ్డి అని ఒక డ్రైవరు, నన్ను చాలాకాలంగా ఎరిగినవాడే. ఒకరోజు లోపలికొచ్చి బోర్డంతా కలియజూశాడు.

"అన్నీ కొత్తయ్యే ఉన్నయేందిరా కొండలూ? మీ మేస్త్రి చేతి పానా ఏది?"

"ఇయ్యలేదు."

"ఇయ్యలేదా? ఏం చేశావేంది?"

"ఏం చెయ్యలేదు పున్నారెడ్డీ. బండి పెట్టు, క్లచ్చి సరిగ్గా లేదంటన్నావుగా, చూస్తా."

"చూద్దువుగాని, చూద్దువుగానిలే. ఓనరు తిడతాడు" అని నీళ్లు తాగి పోయాడు. ఎదురుగా టీ బంకులో కూచుని అందరికీ చెప్పాడు. అది నాకు వినపడతానే ఉంది.

ఇంక ఒక్క బండి రాలా. రోజూ పొద్దున్నే పానాలన్నీ దించడం, తుడవడం, మళ్లా తగిలించడం. నలిగిన పానా ఒక్కటి లేదు. పిల్లలకి రోజూ పోయించుకునే పాలు మానేశాం.   ఒకరోజు రవణమ్మ అన్నం పెడతా మెల్లగా అంది, "పోయి కాళ్ల మీద పడు. గేదె ఎట్టాగూ తిరిగి రాదు."

నేను పోలా.

ఆ మర్నాడు, టీ బంకు కిటకిటలాడే పొద్దు. పున్నారెడ్డి కూడా ఉన్నాడు. మీ తాత ఆ చివర్నించి నడుచుకుంటా వస్తన్నాడు. పైకి కట్టిన లుంగీ, చేతులకి మోచేతులదాకా నల్లటి ఆయిలు. పనిలోంచి లేచి వచ్చినట్టు. దారిలో ఎంతమంది మేస్త్రులున్నారు, ఎన్ని షెడ్లున్నయి, ఎవరి దగ్గరా ఆగలా. నా షెడ్డు ముందుకొచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలా. వాకిట్లోనే ఆగాడు.

"మేస్త్రీ, ఉన్నావా?"

నేను వెనక్కి తిరిగి చూశానమ్మా. ఎవర్ని పిలుస్తన్నాడా అని. వెనకాల గోడ ఉంది.

"నిన్నే మేస్త్రీ. పంతొమ్మిది పానా ఉంటే ఇస్తావా? రేపు తెచ్చిస్తా."

మా వరసలో మేస్త్రికీ మేస్త్రికీ మధ్యే పానా అరువు. అట్టా వాకిట్లో నిలబడి, ఇస్తావా అని అడిగి తీసుకెళ్లాలి. శిష్యుణ్ణి ఎవరూ అడగరు. "తే" అంటారు, వాడు పరిగెత్తుకుంటా తెస్తాడు. నన్ను ఎన్నేళ్లు "తే" అన్నాడో ఆయన.

టీ బంకులో వాళ్లంతా ఇటు తిరిగారు.

ఆయన షెడ్డులో పంతొమ్మిది పానాలకి కరువు లేదు. వాటిని తుడిచి పెట్టిందే నేను. అయినా బోర్డు మీద నుంచి పానా తీసి, పోయి రెండు చేతులా పట్టుకుని ఇచ్చా. శిష్యుడిగా ఆయనకి ఎప్పుడూ అట్టాగే ఇచ్చేవాణ్ణి.

తీసుకోలా. దగ్గరికి వంగి, నాకొక్కడికే వినపడేట్టు అన్నాడు.

"ఒక చేత్తో ఇయ్యరా."

 ఒక చేత్తో ఇచ్చా.

ఆయన దాన్ని జేబులో పెట్టుకోలా, లుంగీలో దోపుకోలా. అందరికీ కనపడేట్టు చేతిలో పట్టుకుని, ఎంత నిదానంగా వచ్చాడో అంత నిదానంగా రోడ్డు మధ్యన నడుచుకుంటా పోయాడు.

పొద్దు వాలకముందే పున్నారెడ్డి లారీ నా గుంత మీదికొచ్చి ఆగింది. దిగి తల గోక్కుంటా నిలబడ్డాడు. "ఏం మేస్త్రీ, క్లచ్చి ఒకసారి చూస్తావా?"

"చూద్దునుగాని, మీ ఓనరు తిట్టడా?" అన్నా.

"నా తిట్లేవో నువ్వే తిట్టి, ఆ క్లచ్చి చూడరాదా" అన్నాడు. ఆ రాత్రి పిల్లలు పాలు తాగి పడుకున్నారు.

తర్వాత ఇల్లు కట్టాం, పిల్లల పెళ్లిళ్లు చేశాం. రవణమ్మ పోయేదాకా ప్రతి పండక్కీ మీ ఇంటికి ముందు గారెలు పంపి తర్వాతే మాకు పెట్టేది. "మీ మేస్త్రి తిన్నాక తినండి" అనేది. అది నీకూ తెలుసు, ఆ గారెల కోసం నువ్వు గుమ్మంలో కాసుకుని కూచునేదానివి.

పానా మాత్రం మర్నాడు రాలా. ఆ వారం రాలా. శుక్రవారం నమాజు అయ్యాక మేస్త్రి వచ్చాడు. స్టూలు మీద కూచున్నాడు, టీ తాగాడు, నేను బిగించిన చోటల్లా వేలు పెట్టి చూశాడు. లేచేటప్పుడు, "నీ పానా ఇంకా పనిలో ఉందిరా. రేపిస్తా" అన్నాడు. మళ్లీ శుక్రవారం అదే. ఆ పై శుక్రవారమూ అదే. నేను ఇంకో పంతొమ్మిది కొనుక్కున్నా గానీ, బోర్డు మీద ఆ బొమ్మలో తగిలించలా. కింద పెట్టెలో పడేశా.

నువ్వు చిన్నప్పుడు తాత వేలు పట్టుకుని వచ్చి అడిగావు, "ఇక్కడ ఖాళీగా ఉందేంది?" అని. ఆయన నీకు చెప్పలేదు. నేనూ చెప్పలా.

ఒకసారి నేనే నవ్వులాటకి అన్నా. "మేస్త్రీ, నా పానా ఇచ్చేది ఉందా, లేదా?"

"ఇచ్చేస్తే, ఏ వంకతో రావాలిరా నీ షెడ్డుకి?"

అట్టా వచ్చాడమ్మా. ఆయన షెడ్డు మీ నాన్న చూసుకోవడం మొదలుపెట్టినా వచ్చాడు. చూపు తగ్గాక, కర్ర పట్టుకుని వచ్చాడు. ఆ స్టూలు మీద వేరేవాళ్లు కూచుంటే ఇప్పుడు కూడా నాకు... ఆగమ్మా, కాసిని నీళ్లు తాగుతా.

ఆఁ. మొన్న మీ నాన్న ఫోను చేసి, "బాబాయ్, నాన్న నిన్ను అడుగుతన్నాడు" అన్నాడు. సాయంత్రం పోయా. మంచం మీద గోడకి చేరగిలి కూచుని ఉన్నాడు. మాట సన్నగా ఉంది గానీ తేటగానే ఉంది. నన్ను చూసి తలగడ కింద చెయ్యి పెట్టాడు. పాత లుంగీ గుడ్డ మూట తీసి విప్పాడు.

నా పంతొమ్మిది పానా. కొత్తగా గ్రీజు పూసి ఉంది. పని మానేసేదాకా దాంతోనే చేశాడంట, మీ నాన్న చెప్పాడు. నేను కొన్నప్పుడు దాని మీద అక్షరాలుండేయి. ఇప్పుడు లేవు. బొటనవేలు పెట్టే చోట నున్నగా మెరుస్తంది.

"మేస్త్రీ, నీ పానా" అన్నాడు.

"ఉంచండి మేస్త్రీ. నేను రేపొస్తాగా, రేపిద్దురుగాని."

"రేపిస్తా అనే గదరా తీసుకెళ్లింది."

నవ్వాడు. నాకు నవ్వు రాలా. రెండు చేతులూ చాపా. ఆయన వదల్లేదు. పానా పట్టుకుని నా చేతుల వంకే చూస్తన్నాడు.

ఒక చెయ్యి వెనక్కి తీసుకున్నా.

అప్పుడు ఇచ్చాడు.

మీ అమ్మ టీ తెస్తే ఇద్దరం తాగాం. ఎవరి బండి ఏందో, ఎవరి షెడ్డు మూసేశారో మాట్లాడుకున్నాం. చీకటి పడతందని ఆయనే నన్ను లేపి పంపాడు. దారిలో షెడ్డు తాళం తీసి, పానాని దాని బొమ్మలో తగిలించి ఇంటికి పోయా.

పొద్దునకి మేస్త్రి లేడు.