ఎలుగుబంటి ఆలస్యంగా చెప్పిన నిజం

ఇప్పలకోన అడవిలో జింకలు, కుందేళ్లు, నీటికుక్కలు, కొండముచ్చులు ఉండేవి. వాటన్నిటికీ గుబురయ్య అనే ఎలుగుబంటి పెద్ద. ఏటా తొలకరి పడగానే జంతువులన్నీ కూడి పెద్దను ఎన్నుకునేవి. ప్రతిసారీ గుబురయ్యనే ఎన్నుకునేవి.

అడవికి కబుర్లు చెప్పేవి చిలుకలు. వాటిని పెట్టి పోషించేది వాడిముక్కు అనే గద్ద. తెల్లవారగానే చిలుకలు కొమ్మకొమ్మకూ ఎగిరి, గద్ద నేర్పిన మాటలే పలికేవి. గుబురయ్య మంచితనాన్ని రోజూ పొగిడేవి. అడవి నమ్మేది.

ఒకనాడు గద్ద వచ్చి, పెద్దమడుగులోని చేపలన్నీ ఇకమీదట తనకే వదిలెయ్యాలని అడిగింది. నీటికుక్కల నోరు కొట్టలేనని గుబురయ్య చెప్పింది. మర్నాటి నుంచి చిలుకల పలుకు మారింది. తేనెపట్లన్నీ ఎలుగుబంటి ఒక్కటే మింగేస్తోందని అడవంతా చాటాయి.

గుబురయ్యకు ఒళ్లు మండింది. జంతువులన్నిటినీ పిలిపించింది.

"చిలుకల మాట నమ్మకండి. తనకు లాభం చూపించినవాళ్ల పాటే వాడిముక్కు పాడిస్తుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. పోయిన వేసవిలో పెద్దమడుగు ఎండిపోతే, తొలకరికి నన్ను మళ్లీ ఎన్నుకోరేమోనని, నిండుగా ఉందని చెప్పించింది నేనే. అందుకు బదులుగా దానికి ఏటి ఒడ్డున మంచి వేటచోటు ఇచ్చాను."

గద్ద గుట్టు రట్టు చేశానని అది పొంగిపోయింది.  

అంతలో చుక్కమ్మ అనే జింక ముందుకు వచ్చింది.

"అప్పుడు మేం కొండవాగు దగ్గర ఉన్నాం. వాగు సన్నబడింది. మడుగు నిండుగా ఉందని చిలుకలు చెబితే, నా కూనను వెంటబెట్టుకుని ఎండలో నడిచి వచ్చాను. వచ్చి చూస్తే తడి కూడా లేదు. కూన అక్కడే పడిపోయింది. మళ్లీ లేవలేదు."

"ఆ సంగతి నాకు తెలియదు" అంది గుబురయ్య.

"మడుగు ఎండిందని తెలుసు కదా" అంది చుక్కమ్మ.



ఆ రోజే గుబురయ్య పెద్దరికం పోయింది. జంతువులు చిలుకల మాట వినడమూ మానేశాయి. వినేవాళ్లు లేక గద్ద బేరాలు సాగలేదు. అది కోన విడిచి పోయింది.

నీలి అనే ముసలి కొండముచ్చు మాత్రం మొదటి నుంచీ ఏ కబురు విన్నా, చిటారుకొమ్మ ఎక్కి కళ్లారా చూశాకే తన గుంపును కదిలించేది. మడుగు ఎండిన ఆ వేసవిలో దాని గుంపులో ఒక్క పిల్ల కూడా దాహంతో చావలేదు. జంతువులు దాన్నే పెద్దగా ఎన్నుకున్నాయి.

గద్ద గురించి గుబురయ్య చెప్పినదంతా నిజమే. ఆ తరువాత కూడా అది నిజాలే చెప్పింది. అయినా అది నోరు తెరిచిన ప్రతిసారీ, నిజమో కాదో చూసి రమ్మని జంతువులు ముందుగా ఎవరినో ఒకరిని పంపేవి.

నీతి: అబద్ధం తనకు మేలు చేసినన్నాళ్లూ ఊరుకుని, కీడు చేశాక నిజం చెప్పేవాడిని ఎవరూ నమ్మరు.