బొటనవేలి సాక్ష్యం

ఒక రాజుగారి కోటలో పెద్ద గడియారం ఉండేది. దాని ఇత్తడి చక్రాలకు పట్టిన జిడ్డు కడగడం ఒక మనిషి పని. కడిగిన చక్రం మీద బొటనవేలు తిప్పి, జిడ్డు తగలకపోతే "శుభ్రం" అనేవాడు. తరతరాలుగా ఆ కోటలో వేలి మాటే మాట.

జిడ్డు వదిలించే మందు పాడు కంపు కొట్టేది, దగ్గు తెచ్చేది. ఇంటికొస్తే భార్య గుమ్మంలోనే అడ్డం నిలిచేది.

"ఆ కంపుతో పిల్లని ఎత్తకయ్యా, పసిగుడ్డు."

ఎన్ని నీళ్లు పోసుకున్నా ఆ కంపు వదలదు. పాపం, కన్నతండ్రి అయ్యుండీ కూతుర్ని దూరం నుంచే చూసుకునేవాడు. ఆ బుగ్గ ఒక్కసారి నిమరాలని అతని ప్రాణం కొట్టుకునేది.

దగ్గులు రాజుగారి చెవిన పడ్డాయి. ఆయన పాత మందు పారబోయించి కొత్తది తెప్పించాడు. అది మగ్గిన అరటిపండు వాసన వేసింది.

"ఇందులో పాత విషం చుక్క కూడా లేదు," అన్నాడు మంత్రి.

"మరేముంది దొరా?" అని అడిగాడతను.

"చెప్పానుగా, పాతది లేదు."

అంత కమ్మటి వాసన మీద అనుమానం ఎవరికొస్తుంది? అతను చేతుల తోలు తొడుగులు అవతల పారేసి, మోచేతుల దాకా ముంచి కడిగాడు.

ఆ సాయంత్రం భార్య పిల్లని చేతికిచ్చింది. మొదటి నెలంతా ఆ ఇంట్లో పండగే. పొద్దుపోయేదాకా బుగ్గ నిమురుతూ కూర్చునేవాడు.

తర్వాత వేళ్లకు తిమ్మిరెక్కింది. అరికాళ్లకూ పాకింది. పని ఎక్కువై అలా ఉందనుకున్నాడు. పనిలో మాత్రం పేరొచ్చింది. వేలు ఎక్కడ తిప్పినా జిడ్డు తగలదు, ప్రతి చక్రమూ శుభ్రమే.

"మందు మారాక ఒక్క చక్రానికీ వంక లేదు," అని రాజు అతనికి శాలువా కప్పాడు. గడియారం రోజుకింత వెనకబడుతోంది గానీ, దాని గోడు ఎవరికీ పట్టలేదు.

శాలువాతోనే ఇంటికెళ్లి ఉయ్యాల పక్కన కూర్చున్నాడు. ఆ మెత్తదనం చేతికందక ఎన్నాళ్లయిందో. ఈపూటైనా తెలుస్తుందేమోనన్న ఆశతో కళ్లు మూసుకుని, మెల్లగా చెయ్యి చాచాడు.

పిల్ల కెవ్వుమంది. భార్య పరుగెత్తుకొచ్చి అతని మణికట్టు పట్టి లాగింది.

"అదేంటయ్యా, బుగ్గ కందిపోయేలా నొక్కుతున్నావు?"

అతను కళ్లు తెరిచాడు.

"నేనింకా తాకనే లేదే," అన్నాడు.