గాలికి కాళ్ళిచ్చిన కొండ

ఒకప్పుడు కొండలకు కాళ్ళుండేవి, గాలికి ఉండేవి కావు. నవ్వకండర్రా, నిజం!

భూమికి దక్షిణపు చివర, ఎటు చూసినా మంచే ఉండే చోట, ఒక నల్లటి కొండ ఉండేది. దానికి కాలు ఒకచోట నిలిచేది కాదు. పొద్దున ఇక్కడుంటే మధ్యాహ్నానికి ఇంకెక్కడో. కాలుకాలిన పిల్లిలా ఒకటే తిరుగుడు. గాలేమో దాని ఒళ్ళో పడుకుని కునికేది.

ఆ మంచులోనే బొద్దయ్య, ఈతమ్మ అనే పెంగ్విన్ ఆలుమగలు ఉండేవాళ్ళు. ఈతమ్మ గుడ్డు పెట్టింది. వాళ్ళ ఇళ్ళల్లో గుడ్డు పొదిగే పని నాన్నది. గుడ్డుకు మంచు తగిలిందా, అంతే సంగతులు! అందుకని బొద్దయ్య దాన్ని పాదాల మీద పెట్టుకుని, పొట్టతో కప్పుకుని, తిండి మానేసి నిలబడ్డాడు. చేపలు తేవడానికి సముద్రానికి బయలుదేరుతూ ఈతమ్మ, అప్పుడు పక్కనే ఉన్న కొండతో ఇలా అంది.

"కొండా, నిన్నే గుర్తుగా చూసుకుంటూ తిరిగొస్తాను. మావాళ్ళ పక్కనుంచి కదలకు, నీకు పుణ్యముంటుంది!"

"నేనెక్కడికి పోతాను? వెళ్ళిరా" అంది కొండ.

మూడు రోజులు ఎలాగో ఉగ్గబట్టుకుంది. నాలుగో రోజు అరికాళ్ళు దురద పెట్టాయి. "ఇలా వెళ్ళి అలా వచ్చేస్తా" అని బయలుదేరింది. పోయింది పోయినట్టే!

రెండు నెలలకు ఈతమ్మ పొట్టనిండా చేపలతో వచ్చింది. దూరాన కొండ కనపడగానే గబగబా పరిగెత్తింది. తీరా చూస్తే అక్కడ మొగుడూ లేడు, గుడ్డూ లేదు.

"మావాళ్ళేరీ?"

కొండ అటూ ఇటూ చూసింది. "వాళ్ళున్న చోటు... మరిచిపోయాను తల్లీ."

"ఈపాటికి పిల్ల బయటికొచ్చి ఉంటుంది! ఆకలికి చచ్చిపోతుంది కదే! ఎంత పని చేశావే!" ఈతమ్మ బావురుమంది.

కొండకు సిగ్గేసింది, భయమూ వేసింది. ఒళ్ళో గాలిని తట్టి లేపింది. "నేను బరువు. నువ్వయితే వేగంగా పోగలవు. నా కాళ్ళు తీసుకుని పరిగెత్తు!"

"మరి నీకు?"

"నా సంగతి తర్వాత. ముందు నువ్వు కదులు!"

గాలి పరిగెత్తింది. అన్ని దిక్కులూ వెతికి వెతికి, చివరికి బొద్దయ్య పిలుపును మోసుకొచ్చింది. ఆ గొంతు పట్టుకుని ఈతమ్మ పోయింది. పిల్ల మెడ వేలాడేసి ఉంది. నోట్లో చేప పడ్డాక కళ్ళు తెరిచింది.

మరి కొండ కాళ్ళో? గాలి పరుగు రుచి మరిగింది. ఇంకేం తిరిగిస్తుంది!

అప్పటినుంచే ఆ మంచులో గాలి ఒక్క క్షణం ఆగదు. పెంగ్విన్ తల్లులు కొండ గుర్తులు నమ్మరు, మొగుడి గొంతు విని ఇంటికొస్తారు. "నిన్ను చూసుకుంటూ తిరిగొస్తాను" అని ఒక్క తల్లయినా మళ్ళీ అంటుందేమోనని, ఆ కొండ మాత్రం ఒంటరిగా, మెదలకుండా నిలబడే ఉంది.