పొద్దుటి కల్లు మంచిదన్న మాట

తాటివనాల రాజ్యంలో మగవాళ్ళు నలభై దాటకుండానే పోతున్నారు. ముందు ఆకలి చచ్చేది. తర్వాత కళ్ళు పచ్చబడేవి. ఆపైన కడుపు ఉబ్బేది. అంతవరకూ వచ్చినవాడు మరుసటి ఏటి పండగ చూసేవాడు కాదు.

రాజు వైద్యులను పిలిపించాడు. నలుగురు వచ్చి, తమ దగ్గర తిరుగులేని మందు ఉందన్నారు. ఐదో మనిషి నాంచారమ్మ. కల్లు గీతగాళ్ళ వాడలో వైద్యం చేస్తుంది.

“నీ మందేమిటి?” అని రాజు అడిగాడు.

“మందు లేదు ప్రభూ, ఒక అనుమానం ఉంది. పులిసిన కల్లే కాలేయాన్ని తినేస్తోందని, అప్పుడే దించిన పొద్దుటి కల్లు ఏమీ చెయ్యదని అనుకుంటున్నాను. నిజమో కాదో తేల్చుకోవాలి. ఒక పాక, అరవై మందికి ఏడాదిపాటు తిండి, రాసిపెట్టడానికి ఒక లేఖకుడు ఉంటే చాలు.”

“ఏడాది తర్వాత జబ్బు నయం చేస్తావా?”

“చెయ్యలేను. ఎటు వెతకాలో చెప్పగలను.”

మంత్రి నవ్వాడు. “తాగుబోతులను కూర్చోబెట్టి మేపడమా? చేతులారా తెచ్చుకున్న జబ్బు అది.”

“చెట్టు మీంచి పడ్డవాడికి కట్టు కట్టేముందు, ఎందుకెక్కావని నేను అడగనండీ,” అంది నాంచారమ్మ.

రాజు ఆ నలుగురు వైద్యులనూ పంపేశాడు. పాక వేయించాడు.

మొదట ఎవరూ రాలేదు. చివరికి ఈదయ్య వచ్చాడు, భార్య గవరమ్మ భుజం పట్టుకుని. వనంలో అందరికన్నా ఎత్తు చెట్లెక్కే గీతగాడు అతను. అప్పటికే కడుపు ఉబ్బింది.

“నాకు ఆలస్యమైందని తెలుసమ్మా. నన్ను చూసి నేర్చుకోండి,” అన్నాడు. అతని వెనకే మిగిలినవాళ్ళూ వచ్చారు.

నాంచారమ్మ రోజూ వాళ్ళ కళ్ళు చూసేది, నడుము చుట్టూ తాడుతో కొలిచేది, ఏ పూట కల్లు తాగారో అడిగేది. మానెయ్యమని బతిమాలేది. కొందరు మానారు. ఈదయ్యా మానాడు. కానీ పదో నెలలో మంచం పట్టాడు.

“అమ్మా, నేను పులిసింది ఎప్పుడూ ముట్టలేదు. పొద్దుటిదే తాగాను. మీ అనుమానం నిజమైతే నాకీ కడుపు రాకూడదు గదా?”

ఆమె లేఖకుణ్ణి దగ్గరికి పిలిచింది.

“తప్పని రాసుకోండి. నా ముఖం చూసి మెత్తగా రాయకండి.”

నాంచారమ్మ కళ్ళు తుడుచుకుని అతని ముందే రాయించింది. వారానికి అతను పోయాడు. లేఖకుడు రాసిన తాటాకులన్నీ సరిచూస్తే, పొద్దుటి కల్లు తాగినవాళ్ళూ మిగతావాళ్ళలాగే జబ్బుపడ్డారు.

ఏడాది నిండాక ఆమె సభలో నిలబడింది. “ప్రభూ, నా అనుమానం తప్పు.”

సభ గొల్లున నవ్వింది. “ఇది చెప్పడానికి సిగ్గుగా లేదూ?” అన్నాడు మంత్రి.

“గర్వంగా ఉందండీ. పొద్దుటి కల్లు ఒంటికి మంచిదని తాతల నాటి నుంచీ పిల్లలకు కూడా పడుతున్నాం. ఇక ఆ మాట ఎవరూ అనలేరు. ఇంకొకటి కూడా చూశాం. కడుపు ఉబ్బకముందే పూర్తిగా మానిన పదకొండుమందిలో తొమ్మిదిమందికి ఆకలి తిరిగొచ్చింది. ఎందుకో తెలియదు. తెలుసుకోవడానికి మూడేళ్ళు కావాలి.”

“ఒక తాగుబోతు చావు పట్టుకుని మూడేళ్ళా?” అన్నాడు మంత్రి.

వెనక వరసలోంచి గవరమ్మ లేచింది. “ఆ తాగుబోతు నా పెనిమిటి అయ్యగారూ. చచ్చేముందు కూడా అబద్ధం రాయనివ్వలేదు. మీ సభలో అలాంటివాళ్ళు ఎందరున్నారు?”

ఎవరూ నవ్వలేదు. రాజు సింహాసనం దిగి, ఆమె ముందుకు వచ్చి తల వంచాడు. “మూడు కాదు, ఐదేళ్ళు,” అన్నాడు.

సభ చెదిరింది. గవరమ్మ తల పైకెత్తుకుని మెట్లు దిగుతుంటే వెనక అడుగుల చప్పుడైంది. మంత్రి ఒక్కడే వస్తున్నాడు.

“అమ్మా,” అన్నాడు మెల్లగా. “మీ ఆయనకు ముందుగా ఏం మొదలైంది? ఆకలి పోవడమా, కళ్ళా?”

గవరమ్మ ఆగి, ఎండలో అతని కళ్ళలోకి చూసింది. వాటి అంచున పచ్చదనం కనిపించింది.

“రేపు పొద్దున్నే పాకకు రండి బాబూ,” అంది. “నేనూ అక్కడే ఉంటాను.”