వరసలో లేని ఏదుపంది

ఇది చాలా చిన్న కథ. నేరేడుపండు నోట్లో వేసుకుని గింజ ఉమ్మేలోపు అయిపోతుంది.

నల్లమద్దికోన అనే అడవిలో ఒక తాబేలు, ఒక ఎలుగుబంటి, ఒక కుందేలు, ఒక కొండముచ్చు ఉండేవి. వాటి మధ్యకు ఒంటినిండా ముళ్ళున్న ఒక ఏదుపంది వచ్చింది. కథంతా ఆ ఏదుపందిదే. కానీ ఇరుగుపొరుగు సంగతి చెప్పకుండా అతని సంగతి చెబితే మీకేమీ అర్థం కాదు. కాబట్టి గింజ అప్పుడే ఉమ్మకండి.

తాబేలు పేరు మందరమ్మ. వయసు అడిగితే, "నాకేం తెలుసు, ఆ మద్దిచెట్టు నా కళ్ళముందే మొలిచింది" అంటుంది. ఈ మాట ఇప్పటికి మూడు చెట్లను చూపించి చెప్పింది. ఎలుగుబంటి బొంతయ్యకు ఒక చెవి వినపడదు. అది ఏ చెవో ఎవరికీ తెలియదు. ఎదుటివాళ్ళ మాట నచ్చకపోతే ఆయనకు రెండూ వినపడవు. కుందేలు చెవులమ్మకు అన్నీ వినపడతాయి, ఎవరూ అననివి కూడా. కొండముచ్చు తోకాచారి చెట్టెక్కడం మానేసి మూడేళ్ళయింది. మోకాళ్ళ నొప్పులని ఒప్పుకోడు. ఈమధ్య పైన గాలి బాగుండటం లేదంటాడు.

కుర్రకారంతా ఎప్పుడో వేరుశనగ చేల వైపు కాపురాలు మార్చేసింది. మిగిలినవన్నీ నెరిసిన మీసాలే. చెవులమ్మ గరిక నమిలితే బొంతయ్య కూడా "కొంచెం మెల్లగా" అనేవాడు. కోన అంత నిశ్శబ్దంగా ఉండేది.

ఆ కోనలో ఒక పద్ధతి ఉంది. తెల్లవారగానే మందరమ్మ తన డిప్పను రాతికేసి టక్కున కొట్టి "ఉన్నా" అనేది. తర్వాత బొంతయ్య "ఉన్నా" అనేవాడు. ఆ తర్వాత చెవులమ్మ, ఆ తర్వాత తోకాచారి. అంతా వయసు ప్రకారమే. ఎవరైనా పలకకపోతే మిగతావాళ్ళు లేచి వాళ్ళ గడపకు వెళ్ళి చూసేవాళ్ళు. దీనికి వరస అని పేరు. వెనకటికి ఒక ముసలి దుప్పి గుంటలో పడి, మూడు రోజులు ఎవరికీ తెలియకుండా ఉండిపోయింది. అప్పటినుంచి పెట్టుకున్నారు.

ఇక ఏదుపంది. పేరు శూలపాణి. అతను పుట్టి పెరిగింది రోడ్డు పక్క అడవిలో. లారీల మోత పడలేక, ప్రశాంతత వెతుక్కుంటూ ఈ కోనకు వచ్చాడు. వాలు కింద ఖాళీగా ఉన్న పాత బొరియలో చేరాడు.

చేరిన గంటలోనే చెవులమ్మ వచ్చింది. "ఏం తిన్నావు అన్నయ్యా? నీ ముళ్ళు పుట్టుకతో ఉన్నవేనా, మధ్యలో వచ్చాయా?" తోకాచారి వచ్చి బొరియలో తొంగిచూసి, "ఈశాన్యం మూల వాటం బాగాలేదు" అన్నాడు. బొంతయ్య వచ్చి, "పెళ్ళయిందా?" అన్నాడు. శూలపాణి మాట్లాడలేదు. వినపడలేదేమోనని బొంతయ్య ఇంకో రెండుసార్లు అడిగాడు.

శూలపాణి ముళ్ళన్నీ గలగలమని లేచాయి. "చూడండి, నేను ప్రశాంతత కోసం వచ్చాను. మీ వరసలో నన్ను కలపొద్దు. నా గడప ఎవరూ తొక్కొద్దు. పిలిస్తేనే రండి."

"పిలవకపోతే?" అంది చెవులమ్మ.

"రావొద్దు."

"సరే నాయనా, నీ మాట ప్రకారమే" అంది మందరమ్మ.

ముసలివాళ్ళకు మాటంటే మాటే. వచ్చిన చిక్కల్లా అదే.

నెలరోజులు ఎవరూ అతని గడప తొక్కలేదు. అటుగా వెళ్ళాల్సివస్తే బొంతయ్య మొహం పక్కకు తిప్పుకుని, "మేం చూడటం లేదబ్బాయ్!" అని కేకపెట్టి మరీ వెళ్ళేవాడు. శూలపాణి రోజూ తెల్లవారుజామున మేత ముగించుకుని, బొరియలో పడుకుని వరస వినేవాడు. "పొద్దున్నే లేచి ఉన్నాం ఉన్నాం అని చెప్పుకోవడం! ఉండక ఎక్కడికి పోతారు?" అని నవ్వుకునేవాడు.

ఒకనాడు పెద్ద వాన కురిసింది. తెల్లారేసరికి శూలపాణి తడిసి ముద్దయి బొరియలో దూరాడు. దూరాడో లేదో, వాలు మీది బండ దొర్లివచ్చి బొరియ నోటికి బిరడాలా పడింది. శూలపాణి నెట్టాడు. బండ కదల్లేదు. ముళ్ళే వంగాయి. పైనుంచి వాననీరు సన్నగా లోపలికి దిగుతోంది.

అప్పుడే బయట టక్కుమంది.

"ఉన్నా" అంది మందరమ్మ. "ఉన్నా" అన్నాడు బొంతయ్య. "ఉన్నా" అంది చెవులమ్మ. "ఉన్నా" అన్నాడు తోకాచారి.

అంతే. వరస అయిపోయింది. అందరూ ఎవరి పనికి వాళ్ళు వెళ్ళారు. పనంటే ఎండ కోసం చూస్తూ కూర్చోవడం.

నీళ్ళు కాళ్ళదాకా వచ్చాయి. "రండి" అంటే చాలని శూలపాణికి తెలుసు. కానీ ఏ నోటితో రావొద్దన్నాడో ఆ నోటికి ఆ మాట రావడం లేదు. ఆలోచించి, కాస్త మర్యాద మిగిలే దారి వెతికాడు.

"ఉన్నా!" అని అరిచాడు.

బయట చెవులమ్మ ఎగిరి గంతేసింది. "విన్నారా? శూలపాణన్నయ్య వరసలో చేరాడు!"

"సంతోషం నాయనా!" అంది మందరమ్మ.

"ఉన్నా! ఉన్నా!"

"విన్నాం. రోజుకు ఒక్కసారి చాలు" అన్నాడు తోకాచారి.

"ఉన్నా! ఉన్నా! ఉన్నా!"

"కొత్త కదా, మోజు" అన్నాడు బొంతయ్య. ఇంత కేక ఆయనకు ఏ చెవిలోనైనా వినపడుతుంది.

నీళ్ళు పొట్టదాకా వచ్చాయి. తర్వాత మెడదాకా వచ్చాయి. బయట మాటలు తగ్గాయి. ఎండ వచ్చింది, ఒకరిద్దరు కునుకు తీస్తున్నారు. శూలపాణి తల పైకెత్తి, "రండి" అన్నాడు. అది అతనికే వినపడలేదు. నీళ్ళు గడ్డానికి తగిలాయి.

"అమ్మమ్మా! రండి! మునిగిపోతున్నా! అందరూ రండి!"

మందరమ్మ కళ్ళు తెరిచింది. "పిలిచాడు. పదండి" అంది.

అందరూ బయలుదేరారు. కానీ ఆ కోనలో పెద్దవాళ్ళను దాటి ముందు నడవకూడదు. కాబట్టి ముందు మందరమ్మ, వెనక బొంతయ్య, ఆ వెనక మిగతావాళ్ళు. బొరియలోకి వాళ్ళ మాటలు వినపడుతున్నాయి.

"ఎంతదూరం వచ్చాం అత్తా?" అన్నాడు బొంతయ్య.

"పుట్ట దాటాం కదరా."

"ఏ పుట్ట?"

"మన గడప ముందు పుట్టే."

శూలపాణి ముక్కు పైకెత్తి పెట్టాడు. బయట అడుగుల చప్పుడు ఆగింది.

"ఒరే బొంతయ్యా, నన్నెత్తుకో" అంది మందరమ్మ. "ఎత్తి ముందుకు పట్టుకో. నేనే ముందున్నట్టు. ఇక పరిగెత్తు!"

బొంతయ్య పరిగెత్తాడు. పుట్టలు తవ్విన గోళ్ళు కదా, మందరమ్మను దించి, బండ పక్కనే మట్టి తవ్వి లోపలికి రెండు చేతులూ పెట్టాడు. చేతికి దొరికింది పట్టుకున్నాడు. దొరికినవి ముళ్ళు. ఆయన పెట్టిన కేక వేరుశనగ చేలదాకా వినపడిందని చెవులమ్మ చెబుతుంది. అయినా పట్టు వదల్లేదు. లాగి బయట పడేశాడు.

శూలపాణి ముళ్ళు సగం ఊడి బొంతయ్య అరచేతుల్లో ఉండిపోయాయి. ఈకలు పీకిన కోడిలా అతను అందరి మధ్యా వణుకుతూ కూర్చున్నాడు. ఎవరూ "వరసలో ఉంటే ఇంత అయ్యేదా" అనలేదు. చెవులమ్మ ఒక్కతే అంది. తర్వాత మిగతావాళ్ళూ అన్నారు, వయసు ప్రకారం.

ఆ సాయంత్రందాకా శూలపాణి బొంతయ్య ఎదురుగా కూర్చుని, ఆయన అరచేతుల్లోని ముళ్ళు ఒక్కొక్కటే పళ్ళతో తీశాడు.

"ఇంతకీ పెళ్ళయిందా?" అన్నాడు బొంతయ్య.

"అయింది. ఆవిడ పోయింది. రోడ్డు దాటుతుంటే."

శూలపాణి ఆ మాట చాలా మెల్లగా అన్నాడు. అయినా బొంతయ్యకు రెండు చెవులా వినపడింది. ఇంకేమీ అడగలేదు. రెండో చెయ్యి చాపాడు.

ఆ రాత్రికి శూలపాణిని బొంతయ్య గుహ పక్క పొడి పొదలో పడుకోబెట్టారు. తెల్లవారి వరసలో అతని గొంతు వినాలని అందరూ ముందే లేచి కూర్చున్నారు. టక్కుమంది. ఉన్నా, ఉన్నా, ఉన్నా, ఉన్నా. శూలపాణి వంతు వచ్చింది. చప్పుడు లేదు.

అందరూ లేచారు. మందరమ్మను బొంతయ్య ఎత్తుకున్నాడు. వెళ్ళి చూస్తే, శూలపాణి గురకపెట్టి నిద్రపోతున్నాడు.

"లేపనా?" అన్నాడు తోకాచారి.

"వద్దురా" అంది మందరమ్మ.

వరస మధ్యలో తెగింది కాబట్టి వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదటినుంచి పలికారు. శూలపాణి వంతు మందరమ్మే పలికింది.

శూలపాణి మిట్టమధ్యాహ్నం లేచి "ఉన్నా!" అన్నాడు. ఎవరూ పలకలేదు. ఆ వేళకు అందరూ కునుకు తీస్తుంటారు. అది అతనికి తెలియదు. అందుకని ఒక్కొక్కరి గడపకూ వెళ్ళి చూసి వచ్చాడు. అందరూ ఉన్నారు.

నీతి: మంచీచెడూ ఆరా తీసే పొరుగు విసుగు పుట్టిస్తుంది, ఆపదలో ఆదుకునేదీ ఆ పొరుగే.