తుర్రయ్య ఎక్కిన పందెం గుర్రం

నల్లమల అంచున సెలయేరు మెలిక తిరిగే చోట మద్దిచెట్లు గుంపుగా పెరిగాయి. చెట్ల మీద కొండముచ్చులు, చెట్ల కింద దుప్పులు కాపురం ఉంటున్నాయి. పైనున్నవాళ్లకు చూపు ఎక్కువ, కిందున్నవాళ్లకు వాసన పట్టే ముక్కు ఎక్కువ. అందుకని కొండముచ్చుల్లో ఒకడు ఎప్పుడూ చిటారు కొమ్మన కూర్చుని కాపలా కాసేవాడు. పొదల్లో ఏదైనా కదిలితే గట్టిగా కేక వేసేవాడు. ఆ కేక వినగానే దుప్పులు పిల్లలతో సహా మాయమైపోయేవి.

దీనివల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయింది గుంటప్ప అనే నక్క. ఎన్నిసార్లు పొంచి ఉన్నా, అడుగు ముందుకు వేసేలోపే పైనుంచి కేక వినిపించేది. ఎండ్రకాయలు, పురుగులు తిని తిని గుంటప్పకు విసుగు పుట్టింది. కాపలావాడు నిద్రపోడు కనుక వాడిని చెట్టు దింపే ఉపాయమే చూడాలనుకున్నాడు.

మధ్యాహ్నపు కాపలా తుర్రయ్యది. వాడు కొండముచ్చుల పెద్ద నరసప్పకు ఒక్కగానొక్క కొడుకు. పిల్లాడని ముద్దు చేస్తే కోపం, పెద్దవాడివి కదా అని పని చెప్తే విసుగు, అలాంటి వయసులో ఉన్నాడు. మందలో వాడంత దూరం చూడగలిగేవాడు ఇంకొకడు లేడు. కానీ గంటల తరబడి కదలకుండా కూర్చుని దుప్పులు నెమరు వేయడం చూస్తుంటే, లోకమంతా ఎక్కడికో పోతోందనీ తానొక్కడే కొమ్మకు అతుక్కుపోయాననీ అనిపించేది.

ఆ రోజుల్లోనే అడవి అంచుకు ఒక గుర్రం వచ్చింది. పేరు తేజీ. పట్నంలో పందేల్లో పరుగెత్తినవాడు. కాలు మందగించిందని యజమాని ఊరవతల వదిలేశాడు. ఆ మందగించడం పట్నం వాళ్ల కంటికే. అడవిలో తేజీని అందుకోగలవాడు లేడు. దిక్కుతోచక తిరుగుతున్న తేజీకి గుంటప్ప పచ్చిగడ్డి ఉన్న చోటు చూపించి, ఇక్కడే ఉండిపొమ్మని మంచి మాటలు చెప్పాడు. ఆ తర్వాత నేరుగా నరసప్ప దగ్గరికి వెళ్లాడు.

పెద్దింటి పిల్లాడు ఇంకా కొమ్మలు పట్టుకుని వేలాడటం చూడటానికి బాగాలేదని మొదలుపెట్టాడు. అవతలి గట్టున ఎలుగుబంటి కొడుకు అడవిపంది మీద ఊరేగుతున్నాడని చెప్పాడు. తన ఎరుకలో ఒక గుర్రం ఉందనీ, తుర్రయ్యలాంటి చురుకైనవాడికి అది తగిన వాహనమనీ అన్నాడు.

ఇందులో నీకేమిటి లాభమని నరసప్ప అడిగాడు. పిల్లాడి ముఖంలో సంతోషం చూడటమేనని గుంటప్ప కళ్లు దించుకుని చెప్పాడు.

నరసప్ప ఆ మాట నమ్మేటంత వెర్రివాడు కాడు. అయినా నమ్మాలనిపించింది. చిన్నప్పుడు మేకపోతు ఎక్కుతానని తండ్రి దగ్గర మారాం చేస్తే ఆయన చెవి మెలిపెట్టి పంపించాడు. తనకొక కొడుకు పుడితే వాడి కోరిక కాదనకూడదని నరసప్ప అప్పుడే అనుకున్నాడు.

అయినా ఒక మాట అడిగి చూద్దామని పుల్లన్న దగ్గరికి వెళ్లాడు. పుల్లన్న పక్క ఊరి ఎద్దు. బతుకంతా బండి లాగి, ఇప్పుడు మేత కోసం అడవి అంచుకు వచ్చి పోతుంటాడు. నరసప్ప వెంట తుర్రయ్యా, గుంటప్పా, తేజీ కూడా వచ్చారు. పుల్లన్న అంతా విని, మిగతావాళ్లను వదిలేసి గుర్రాన్నే అడిగాడు.

"నీ మీద ఎక్కినవాడు ఆగమంటే ఆగుతావా?"

తేజీ ఉన్నమాట చెప్పాడు. "కళ్లెం లాగితే ఆగేవాడిని. ఇప్పుడు కళ్లెం లేదు. నాకు పరుగే నేర్పారు తాతా. ఆపడం పైన కూర్చున్నవాడి పని."

పుల్లన్న నరసప్ప వైపు తిరిగాడు. పిల్లాడిని ఈ వానాకాలమంతా తన వీపు మీద తిరగనివ్వమన్నాడు. ఆగడం, మలుపు తిరగడం, దారిలో ఎవరెవరు నడుస్తారో కనిపెట్టుకోవడం వాడికి నేర్పుతాననీ, తర్వాత గుర్రం సంగతి చూద్దామనీ అన్నాడు.

తుర్రయ్యకు నవ్వొచ్చింది. తాత మీద ఎక్కితే మలుపు దాకా చేరేసరికి తనకే వెంట్రుకలు నెరుస్తాయన్నాడు. గుంటప్ప ఆ మాటకు పడీపడీ నవ్వి, బండ్ల కాలం పోయిందని అందుకున్నాడు. కొడుకు ముఖంలో వెలుగు చూశాక నరసప్పకు కాదనడానికి నోరు రాలేదు. బోడి మైదానంలో మాత్రమే తిరగమనీ, సెలయేటి దారికి పోవద్దనీ చెప్పాడు. తుర్రయ్య తలూపాడు. నరసప్ప దాంతో తన పని అయిపోయిందనుకుని చెట్టెక్కాడు.

మైదానంలో తేజీ మొదటిసారి పరుగందుకున్నప్పుడు తుర్రయ్యకు ఊపిరి ఆగినంత పనైంది. తర్వాత భయం పోయి ఇంకేదో వచ్చింది. గాలి ముఖానికి కొడుతోంది, నేల కింద నుంచి జారిపోతోంది, వెనుక చెట్లు గడ్డిపోచలంత అయిపోతున్నాయి. ఈడు పిల్లలంతా గట్టు మీద చేరి వాడి పేరు పెట్టి పిలుస్తున్నారు. కొన్నాళ్లకు ఆ పరుగు గుర్రానిదన్న సంగతి వాడు మరిచిపోయాడు. అది తన బలమే అనుకున్నాడు. తేజీ కూడా, పాపం, చాలా రోజులకు తన వీపు మీద ఒకడు కూర్చున్నందుకు పొంగిపోయి ఒళ్లు తెలియకుండా పరుగెత్తేవాడు.

గుంటప్ప ఆ అదను కోసమే చూస్తున్నాడు. ఒక మధ్యాహ్నం తుర్రయ్య కాపలాకు వెళ్తుంటే దారిలో కలిశాడు. మైదానంలో చూసేవాళ్లు పిల్లకాయలేననీ, సెలయేటి దారిన ఒక్కసారి వెళ్తే దుప్పులన్నీ తలలెత్తి చూస్తాయనీ అన్నాడు.

"ఇది నా కాపలా వేళ మామా," అన్నాడు తుర్రయ్య.

"చెట్టు ఎక్కడికీ పోదు అబ్బాయ్. ఇలా వెళ్లి అలా వచ్చేయవూ?"

తుర్రయ్య చెట్టు వైపు చూశాడు. అటు పక్కన తేజీ గడ్డి మేయడం మాని చెవులు నిక్కబొడుచుకుని నిలబడి ఉన్నాడు. తుర్రయ్య గుర్రం వైపే నడిచాడు.

సెలయేటి దారి ఇరుకైనది. ఒక పక్క నీరు, ఒక పక్క పొదలు. ఎదురు వచ్చేవాళ్లు పక్కకు తప్పుకునే వీలు లేదు. తేజీ గిట్టల చప్పుడుకు పిట్టలు లేచిపోయాయి. మెలిక దగ్గరకు వస్తుండగా దారి మధ్యలో ఒక దుప్పి పిల్ల కనిపించింది. అది చుక్కమ్మ కూతురు బొట్టు. నీళ్లు తాగి, ముందు గట్టెక్కిన తల్లి కోసం తడి మూతి పైకెత్తి చూస్తోంది.

తుర్రయ్య దాన్ని చూశాడు. మందలో అందరికంటే ముందు చూడగల కళ్లు వాడివి. చాలా దూరం నుంచే చూశాడు. ఆగమని అరిచి, రెండు చేతులా జూలు పట్టి లాగాడు. పడిపోతానన్న భయంతో మోకాళ్లు గట్టిగా బిగించాడు. పందేల్లో పెరిగిన గుర్రానికి మోకాళ్లు బిగిస్తే ఒకటే అర్థం. తేజీ వేగం పెంచాడు.

ఆఖరి క్షణంలో తేజీ కూడా పిల్లను చూసి పైనుంచి దూకబోయాడు. ముందు కాళ్లు దాటాయి, వెనక గిట్ట తగిలింది. బొట్టు పక్కకు విసిరేసినట్టు పడింది. తుర్రయ్య గాలిలో ఎగిరి రాళ్ల మీద పడ్డాడు. గుర్రం ఆగకుండా మలుపు దాటిపోయింది.

దుప్పులు చెల్లాచెదురయ్యాయి. చిటారు కొమ్మన కాపలా లేదు, కేకా లేదు. ఏ వైపు పారిపోవాలో వాటికి తెలియలేదు. అప్పుడు పొదల్లోంచి గుంటప్ప తీరిగ్గా బయటికి వచ్చాడు. కుంటుతూ లేవబోయి పడిపోతున్న పిల్ల వైపు నడిచాడు. తుర్రయ్య వైపు చూడనైనా చూడలేదు.

తుర్రయ్యకు అప్పుడు అంతా అర్థమైంది. గుంటప్ప తనకు గుర్రాన్ని ఎందుకు చూపించాడో, చెట్టు ఎక్కడికీ పోదన్న మాట ఎందుకు అన్నాడో తెలిసింది. లేవబోతే చెయ్యి వేలాడిపోయింది. చెట్టెక్కే శక్తి లేదు. గొంతు మాత్రం మిగిలి ఉంది. నేల మీద పడి ఉన్నచోటి నుంచే ఊపిరంతా కూడదీసుకుని కాపలా కేక వేశాడు. ఇంకోసారి వేశాడు. ఆపకుండా వేస్తూనే ఉన్నాడు.

దగ్గర్లో మేస్తున్న పుల్లన్న ఆ కేక విని వచ్చాడు. నడక ఎప్పటిలాగే నిదానం, కానీ ఎక్కడా ఆగలేదు. వచ్చి, బొట్టుకు అడ్డంగా నిలబడి కొమ్ములు దించాడు. ఈలోగా నరసప్పా మందా చెట్ల మీంచి దిగారు. చుక్కమ్మ పరుగున వచ్చింది. గుంటప్ప ఒక్క క్షణంలో ముఖం మార్చేసి, పిల్లను లేపడానికే వచ్చానని చెప్పాడు.

మర్నాడు పొద్దున మద్దిచెట్ల కింద అందరూ చేరారు. తేజీ తల వేలాడేసుకుని వచ్చి దూరంగా నిలబడ్డాడు. గుంటప్ప ముందే మాట అందుకున్నాడు. గుర్రాన్ని చూపించడమే తాను చేసిన పని అనీ, ఎక్కించింది తండ్రి అనీ, దారి తప్పింది కొడుకు అనీ చెప్పాడు. ఆ గుర్రం పసివాడు కూడా తోలగలిగినంత సాధువని, తుర్రయ్యకే చేతకాలేదని అన్నాడు. కొందరు పెద్దలు ఇకమీదట ఈడు పిల్లలెవరూ దేని మీదా ఎక్కకూడదని కట్టడి చేద్దామన్నారు. నరసప్ప అందరి ముందూ కొడుకును గట్టిగా తిట్టాడు. విరిగిన చేతికి ఆకు కట్టుతో తుర్రయ్య తల ఎత్తకుండా కూర్చున్నాడు.

అప్పటిదాకా బొట్టు కాలు నాకుతూ ఉన్న చుక్కమ్మ మాట్లాడింది.

"పిల్లాడిని అనకండి నరసప్పన్నా. గాలిలా పోవాలని ఆ వయసుకు ఉంటుంది. రేపు నా బిడ్డకూ ఉంటుంది. ఆ పరుగు ఎంతో మీకు తెలుసు, నా బిడ్డ నడిచే దారీ తెలుసు. రెండూ ఒకచోట కలిస్తే ఏమవుతుందో ఆలోచించాల్సిన వయసు మీది కదా?"

మైదానం దాటొద్దని చెప్పానని నరసప్ప గొణిగాడు. ఆ మాట సరిపోదని తనకే అనిపించి ఆగిపోయాడు.

"చెప్పి చెట్టెక్కేశాను," అన్నాడు చివరికి. "ఒక్క రోజైనా వెళ్లి నిలబడి చూడలేదు. వాడు సంతోషంగా ఉంటే చాలనుకున్నాను. పుల్లన్న చెప్పింది నాకు అర్థం కాక కాదు, వాడి ముఖం చిన్నబోతుందని."

తుర్రయ్య మొదటిసారి తలెత్తి తండ్రి వైపు చూశాడు. కాపలా వదిలి పోయింది తానేననీ, అది నాన్న చేయలేదనీ అన్నాడు.

తప్పు తండ్రీకొడుకుల మధ్య తేలిపోయిందనుకుని గుంటప్ప మెల్లగా వెనక్కి తగ్గుతుంటే పుల్లన్న పిలిచాడు. ఆ గుర్రాన్ని పసివాడు కూడా తోలగలడన్నది నిజమేనా అని అడిగాడు. గుంటప్ప నిజమేనన్నాడు. కాదంటే, ప్రమాదమని తెలిసే పిల్లాడిని ఎక్కించినట్టు అవుతుంది మరి.

"అయితే ఒకసారి ఎక్కి చూపించు," అన్నాడు పుల్లన్న. "చూసి, నీ మాట నిజమైతే పిల్లాడిదే తప్పని ఒప్పుకుంటాం."

చుట్టూ అందరూ నిలబడి ఉన్నారు. తప్పుకుపోయే దారి గుంటప్పకు కనిపించలేదు. మైదానంలో రెండు అడుగులు వేయించి దిగిపోదామనుకుని తేజీ మీదికి ఎగిరాడు. నక్క కాళ్లకు పట్టు ఎక్కడ దొరుకుతుంది? జారిపోతానని గోళ్లు దింపి, తేజీ డొక్కలను నాలుగు కాళ్లతోనూ బిగించాడు. తేజీ తనకు తెలిసిన పనే చేశాడు.

గుంటప్ప ఆపమని బతిమాలాడు, తిట్టాడు, మళ్లీ బతిమాలాడు. భయపడేకొద్దీ పట్టు బిగించాడు. పట్టు బిగించేకొద్దీ గుర్రం జోరు పెరిగింది. మైదానం దాటి, ఊరి చేలు దాటి, వేటకుక్కలు కాపలా ఉండే తోటల మీదుగా పోవడం చెట్ల మీది కొండముచ్చులు చూశారు. సాయంత్రం తేజీ ఒక్కడే తిరిగి వచ్చాడు. గుంటప్ప ఏ తోటలో పడ్డాడో, కుక్కలు ఎంత దూరం తరిమాయో తెలియదు. ఆ మెలిక దగ్గర మాత్రం మళ్లీ ఎన్నడూ కనిపించలేదు.

బొట్టు కాలు అతుక్కుంది గానీ కాస్త వంకరగా అతుక్కుంది. తోటి పిల్లలు గట్టు దూకి వెళ్తే అది చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చేది. దాన్ని సరిచేయడం ఎవరి చేతుల్లోనూ లేదు.

చెయ్యి బాగయ్యాక తుర్రయ్య ఎవరూ చెప్పకుండానే పుల్లన్న దగ్గరికి వెళ్లాడు. మొదటి రోజు పుల్లన్న వాడిని ఎక్కించుకుని ఒక్క అడుగు కూడా వేయలేదు. కదలని వీపు మీద స్థిమితంగా కూర్చోవడమే మొదటి పాఠమన్నాడు. తుర్రయ్య ఈసారి నవ్వలేదు. నరసప్ప పక్కనే నిలబడి చూశాడు. మర్నాడూ వచ్చాడు, ఆ తర్వాతా వచ్చాడు. గుర్రానికి కూడా ఆగమన్న మాట వింటే ఆగడం పుల్లన్నే కొత్తగా నేర్పాడు. అదంతా అయ్యేసరికి రెండు వానాకాలాలు గడిచిపోయాయి.

ఆ తర్వాత తుర్రయ్య తేజీ మీద తిరిగాడు. మైదానంలో గాలిలా పోయేవాడు, చూసేవాళ్లకు కన్నుల పండుగగా ఉండేది. సెలయేటి దారి రాగానే మాత్రం దిగేవాడు. గుర్రం పక్కన తానూ నడుస్తూ, బొట్టు ఎదురైతే అది నిదానంగా దాటిపోయేదాకా నిలబడేవాడు.

నీతి: ఆపడం నేర్పకుండా పిల్లల చేతికి వేగాన్ని ఇచ్చినవాడే, ఆ వేగానికి దెబ్బ తిన్న ప్రతి ప్రాణికీ జవాబు చెప్పాలి.