చెక్క గొడుగు కింద

జెకర్యా చెప్పే వాక్యం వెనక బెంచీల దాకా అందడం లేదు. ఉపదేశిగా వచ్చి నాలుగు ఆదివారాలైంది. గొంతు పెంచినకొద్దీ ఆ చర్చి ఎత్తు గోడలు మాటలన్నీ కలిపేసి, ఒకటే హోరు చేసి తిరగగొట్టేవి.

నాలుగో ఆదివారం ఆరాధన అయ్యాక, వెనక బెంచీ ఎస్తేరమ్మ తాటాకు విసనకర్ర ఆపకుండానే అడిగింది.

"బాబూ, దేవుణ్ణి పిలుస్తున్నావా, మమ్మల్ని తిడుతున్నావా? ఏదైనా సరేలే, అదేదో తెలియాలి కదా!"

జనం నవ్వారు. సంఘ పెద్దలు నవ్వలేదు. "ఇంకొక్క వారం చూస్తాం. ఆ తరవాత వేరే ఉపదేశిని పిలుస్తాం" అన్నారు.

శనివారం మధ్యాహ్నం జెకర్యా తన గురువు తిమోతి అయ్యగారిని చర్చికి తీసుకొచ్చాడు.

"తప్పంతా ఈ కట్టడానిదే అయ్యగారూ. వలందావాళ్ళు గిడ్డంగి కట్టబోయి చర్చి కట్టినట్టున్నారు. బొమ్మ లేదు, రంగుటద్దం లేదు. పైగా ఎండా వానా రాని చోట ఆ గొడుగొకటి! గబ్బిలాలకు తప్ప ఎవరికి? అది విప్పించి మైకు పెట్టిద్దామనుకుంటున్నా."

వలందావాళ్ళంటే డచ్చివాళ్ళు. బట్టల వ్యాపారానికి ఓడలెక్కి వచ్చినవాళ్ళు. వాళ్ళ సమాధి రాళ్ళే ఆ చర్చికి నేల. గొడుగంటే, ప్రసంగ పీఠం నెత్తిన వెడల్పుగా పరుచుకున్న టేకు పలక.

అయ్యగారు దాన్ని కాసేపు తలెత్తి చూశారు.

"వెళ్ళి ఎస్తేరమ్మ కూర్చునే చోట కూర్చో" అన్నారు.

జెకర్యా వెళ్ళి కూర్చున్నాడు. అయ్యగారు మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి, గొడుగు కింద నిలబడి, పెద్ద బైబిలు తెరిచారు. ఏమీ చదవలేదు.

చూసి చూసి జెకర్యా అరిచాడు. "చెప్పండి అయ్యగారూ!"

చర్చంతా హోరెత్తింది. అది అణిగేదాకా అయ్యగారు ఆగారు. అప్పుడు ఒక పేజీ తిప్పారు.

చెవి పక్కనే కాగితం చప్పుడైనట్టుంటే, జెకర్యా ఉలిక్కిపడి పక్కకు చూశాడు. పక్కన ఎవరూ లేరు.

"వినబడిందా?" ఇంట్లో మంచినీళ్ళు అడిగే గొంతుతో అన్నారు అయ్యగారు.

"వినబడిందండి."

"కాగితం అరిచిందా, నాయనా?"

జెకర్యా తలెత్తి, అయ్యగారి నెత్తిన ఉన్న గొడుగు వైపు చూశాడు.

మర్నాడు చర్చి నిండింది. పెద్దలు ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. జెకర్యా మెట్లెక్కి బైబిలు తెరిచాడు. ఒక పేజీ తిప్పాడు. ఆ చప్పుడు వెనక గోడ దాకా వెళ్ళేంతసేపు ఆగాడు. తరవాత మెల్లగా మొదలుపెట్టాడు.

చివరి బెంచీలో ఎస్తేరమ్మ విసనకర్ర ఆగింది.